డి.ఓ. చదివితే డాక్టరేనా?

ప్రశ్న: మా అమ్మాయికి ఇక్కడ ఆస్టియోపతిక్ మెడికల్ కాలేజీలో సీటొచ్చింది. ఎం.డి. కాదు కదా అని బంధువులు పెదవి విరుస్తున్నారు. చేర్పించమంటారా?
– ఒక తల్లి, టెక్సస్

జవాబు: డి.ఓ. (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) కూడా పూర్తి స్థాయి డాక్టరేనమ్మా. బ్రిటన్‌లో ఆస్టియోపత్ అంటే మందులు రాసే వైద్యుడు కాదు. మీవాళ్ల అనుమానం అక్కడి నుంచే వచ్చి ఉండొచ్చు. అమెరికాలో మాత్రం డి.ఓ.లు 50 రాష్ట్రాల్లోనూ మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. 2020 నుంచి రెసిడెన్సీల గుర్తింపు విధానమూ ఎం.డి.లకూ డి.ఓ.లకూ ఒక్కటే. మరి తేడాయే లేదా అంటే, ఉంది. డెర్మటాలజీ, న్యూరోసర్జరీ లాంటి గట్టి పోటీ ఉన్నచోట డి.ఓ.లకు సీట్లు తక్కువే దక్కుతున్నాయి. వాటిపై ఆశ ఉంటే డి.ఓ.ల లైసెన్సు పరీక్ష కామ్లెక్స్‌తో పాటు ఎం.డి.లు రాసే యు.ఎస్.ఎం.ఎల్.ఇ. కూడా రాయడం మంచిది. ఖర్చూ శ్రమా పెరుగుతాయి. ఫ్యామిలీ మెడిసిన్‌కైతే అంత బెంగ అక్కర్లేదు.

నా దృష్టిలో అసలు లోటు పట్టాలో కాదు, ఆసుపత్రిలో ఉంది. చాలా డి.ఓ. కాలేజీలకు సొంత బోధనాసుపత్రి ఉండదు. చివరి రెండేళ్లు విద్యార్థులు వేర్వేరు ఊళ్ల ఆసుపత్రుల్లో నేర్చుకోవాలి. అందుకే కొత్త భవనాలు చూసి మురిసిపోకుండా రొటేషన్లు ఎక్కడ, వాటిని కాలేజీయే ఏర్పాటు చేస్తుందా, సకాలంలో పట్టా పుచ్చుకున్నవాళ్లెందరు, రెసిడెన్సీ దొరికినవాళ్లెందరు అని రాతపూర్వకంగా అడగండి. కాలేజీ కొత్తదై పూర్తి గుర్తింపు ఇంకా రాకపోయినా, భారీ అప్పు చేయాల్సి వస్తున్నా, డబ్బు కట్టకముందే అమ్మాయి డిగ్రీ కాలేజీలోని ప్రీ-మెడ్ సలహాదారుని కలవండి. ఇండియాలో ప్రాక్టీసు ఆలోచన ఉంటే నేషనల్ మెడికల్ కమిషన్‌నే నేరుగా అడగండి.