వృద్ధాశ్రమాలలో అంటురోగాల నివారణ: సిబ్బందికి శిక్షణ

"చేతులు కడుక్కోవడం కూడా ఒక చదువేనా?" అని కొందరు నవ్వవచ్చు. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో డాక్టర్ సెమ్మెల్వైస్, శవపరీక్ష చేసి వచ్చినవారు క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడుక్కున్నాకే గర్భిణులను తాకాలని నియమం పెట్టాడు. మరణాలు బాగా తగ్గాయి. అయినా తోటి వైద్యులు చాలామంది ఒప్పుకోలేదు. డాక్టర్లకే తలకెక్కని సంగతి ఆయాలకు ఊరికే వస్తుందా?

వృద్ధాశ్రమంలో ఒకే ఆయా ఒకరికి అన్నం తినిపిస్తుంది, మరొకరికి స్నానం చేయిస్తుంది, ఇంకొకరి పక్కబట్టలు మారుస్తుంది. ఆ చేతులే రోగక్రిములకు దారి. పైగా వృద్ధులలో రోగం ముదిరినా ఒక్కొక్కప్పుడు జ్వరం రాదు. ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం, అన్నం ముట్టకపోవడం మొదటి గుర్తులు కావచ్చు. వాటిని ముందుగా పసిగట్టేది రోజూ దగ్గరుండే ఆయాయే కదా!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల ప్రకారం చేతులు శుభ్రం చేసుకోవలసిన సందర్భాలు అయిదు:

1. రోగిని తాకే ముందు.
2. పుండు కట్టు, మూత్రపు గొట్టం వంటివి ముట్టే ముందు.
3. రక్తం, మలమూత్రాలు అంటే అవకాశమున్న పని తరువాత.
4. రోగిని తాకిన తరువాత.
5. రోగి మంచం, సామాను తాకిన తరువాత.

ఆల్కహాలు ద్రావణంతో అయితే 20–30 సెకన్లు, సబ్బునీళ్ళతో అయితే 40–60 సెకన్లు పట్టాలి. విరేచనాలు వ్యాపించినప్పుడు మాత్రం సబ్బునీళ్ళే వాడాలి. కొన్ని క్రిములు ఆల్కహాలుకు లొంగవు. చేతి తొడుగులు వేసుకున్నా, తీశాక చేతులు కడగవలసిందే.

ఉపన్యాసంతో ఇది రాదు. అతినీలలోహిత దీపం కింద మెరిసే పొడిని చేతులకు రాసి, కడుక్కోమని, దీపం కింద చూపించాలి. గోళ్ళ సందుల్లో మిగిలిన మెరుపు చూసినవారు మళ్ళీ మరచిపోరు.

అయితే శిక్షణ ఒక్కటే చాలదు. 2020 ఫిబ్రవరి చివర అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రపు కర్క్‌లాండ్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో కోవిడ్ చెలరేగింది. సిబ్బందిలో కొందరు ఒంట్లో బాగాలేకున్నా పనికి వచ్చారనీ, కొందరు ఒకటికి మించిన చోట్ల పనిచేశారనీ, రక్షణ సామగ్రి చాలలేదనీ విచారణలో తేలింది. జబ్బుచేసిన రోజు జీతం కోస్తే, దగ్గుతూనైనా మనిషి పనిలోకి వస్తుంది.

మన దేశంలో 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టం, జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం నెలకొల్పవచ్చునని చెప్పింది. భవనాలు కట్టడంతో సరిపోదు. ఆయాకు పాఠం చెప్పేవారు ఆమెకు సబ్బూ, నీళ్ళూ, జీతంతో కూడిన సెలవూ కూడా ఇవ్వాలి. అప్పుడే ఆ పాఠం ఆమె చేతికి వస్తుంది.