పాపికొండల్లో పురుటిల్లు

గోదావరికి అటూ ఇటూ పాపికొండలు. 2008లో ఈ అడవిని జాతీయ పార్కుగా ప్రకటించారు. ఇక్కడ చెట్టు నరకకూడదు. పిట్టను కొట్టకూడదు.

ఉగాది రోజుల్లో ఈ కొండలు చూడాలి! మోదుగ చెట్టుకి ఆకు కనపడదు, అన్నీ ఎర్రటి పూలే. బూరుగు పూల తేనె కోసం గోరింకలు మూగుతాయి. పిట్టల్ని చూడాలంటే పొద్దున్నే వెళ్ళాలి. ఎండెక్కితే అవి నీడలో దాక్కుంటాయి. మాట్లాడకుండా నడవాలి. అదే కష్టం!

మర్రిచెట్టు కనపడితే ఆగండి. పైకి చూడండి. నలుపు తెలుపు రంగుల పెద్ద పిట్ట. పొడుగు ముక్కు. ముక్కు మీద కొమ్ములాంటి డొప్ప. దీన్ని హార్న్‌బిల్ అంటారు.

ఈ పిట్ట పుల్లలతో గూడు కట్టదు. పెద్ద చెట్టుకి తొర్ర వెతుక్కుంటుంది. ఆడపిట్ట ఆ తొర్రలో దూరి, తన రెట్టతో వాకిలి మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుతుంది. లోపలే గుడ్లు పెట్టి పొదుగుతుంది. అప్పుడే దాని రెక్కల ఈకలు రాలిపోతాయి. ఇక ఎగరలేదు. మగపిట్ట మర్రిపండ్లు, రావిపండ్లు తెచ్చి సందులోంచి నోటికి అందిస్తుంది. రోజుకి ఎన్నిసార్లో! బాలింతను ఇంత బాగా చూసుకునే మగవాళ్ళు ఎంతమంది?

ఆ మగపిట్టను ఎవరైనా ఉండేలుతో కొడితే? లోపల తల్లికి తిండి ఉండదు. పిల్లలు ఆకలితో చచ్చిపోతాయి.

తొర్ర పడ్డ ముసలి చెట్టు ఎందుకు, కొట్టేస్తే పోలా అంటారు కొందరు. లేత చెట్టుకి అంత తొర్ర ఉండదు. మరుసటి ఏడు కూడా ఈ జంట చాలాసార్లు అదే తొర్రకి తిరిగి వస్తుంది.