ఫిట్టర్ చేతికి కంట్రోలర్ ఇవ్వు

జగ్గయ్యపేట

చి॥ శ్రావణికి,

హైదరాబాదులో డిజైన్ రివ్యూల కోసం వీఆర్ మోడళ్లు చేసే పనిలో చేరావని మీ అమ్మ నందిగామ నుంచి ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూసేవాణ్ణి కాబట్టి, మాబోటివాళ్లకు ఆ రివ్యూలో ఏం కావాలో రాస్తున్నాను.

కంప్యూటర్ మోడల్‌లో చూసుకోవడం కొత్తేమీ కాదు. 1994లో ఎగిరిన బోయింగ్ 777 విమానాన్ని ముందు కంప్యూటర్‌లోనే కూర్చి, ఏ భాగం దేనికి అడ్డొస్తుందో చూసుకున్నారు. వీఆర్ హెడ్‌సెట్‌తో అదనంగా దక్కింది అసలు కొలత. జయంతిపురంలోనో ముక్త్యాలలోనో రోడ్డు మీద నుంచే కనిపించే సిమెంటు ఫ్యాక్టరీ ప్రీహీటర్ టవర్ కూడా మానిటర్ మీద జానెడే, హెడ్‌సెట్‌లో అసలు ఎత్తుతో నిలబడుతుంది.

ప్రతి భాగం వెనకా పార్ట్ నంబరు, లోహం, బరువు, రివిజన్, సప్లయర్ అని బోలెడు సమాచారం ఉంటుంది. అదంతా గాల్లో బోర్డుల్లా వేలాడదీయకు. చదవలేక కళ్లు లాగుతాయి, అసలు భాగం కనబడకుండా పోతుంది. ఎవరికేది కావాలో అదే చూపించు. కిల్న్ (సిమెంటు కొలిమి) సపోర్ట్ రోలర్ బేరింగ్ సంగతే తీసుకో. దాని బరువెంత, చైన్ బ్లాక్ ఎక్కడ తగిలించాలి, బయటికి లాగడానికి జాగా ఉందా, మనిషి ఎక్కడ నిలబడాలి... నేను అడిగేది ఇంతే. డ్రాయింగ్ ఓకే అయిన భాగాలకు ఒక రంగు, కానివాటికి ఇంకో రంగు వేస్తే రాతతో పనే ఉండదు. రివిజన్ నంబరు మాత్రం ఎప్పుడూ కళ్లెదుట ఉండాలి. పాత రివిజన్‌ను ఎంత అందంగా చూపిస్తే అంత ప్రమాదం, అందరూ నమ్మేస్తారు.

రివ్యూకి ఫిట్టర్‌ను తప్పకుండా పిలిపించు. పెద్ద ఆఫీసర్లు ఇంగ్లీషులో మాట్లాడే గదిలో అతను నోరు విప్పడు. కంట్రోలర్ చేతికిచ్చి, "ఈ బోల్టు విప్పి చూపించన్నా" అని తెలుగులో అడుగు. స్పానర్ తిరగడానికి చోటు లేకపోతే అక్కడికక్కడే చెబుతాడు. అలవాటు లేనివాళ్లకు కళ్లు తిరుగుతాయి, ముందు కుర్చీలో కూర్చోబెట్టు. మోడల్‌ను గిరగిరా తిప్పకు. అతను చెప్పింది ఆ పార్ట్ నంబరు కిందే, సరిచేయాల్సినవాళ్ల పేరుతో సహా అప్పుడే ఎక్కించు. రేపు రాద్దామంటే ఆ మాట డ్రాయింగ్ దాకా చేరదు.

హెడ్‌సెట్‌లో వేడి తెలియదమ్మా. లోపల సరుకు 1450 డిగ్రీల దాకా కాగే కిల్న్ పక్కన మోడల్లో హాయిగా నిలబడొచ్చు. నిజంగా ఎంత దూరంలో ఉండాలో కిల్న్ షెల్ చుట్టూ రంగుతో హద్దు గీయి. ఆ హద్దు ఎక్కడ గీయాలో మాత్రం ప్లాంటులో పనిచేసేవాళ్లనే అడుగు.

పండక్కి నందిగామ వచ్చినప్పుడు వీలైతే హెడ్‌సెట్ తీసుకురా. మా ఫిట్టర్లను ఇంటికి పిలుస్తాను.

మీ మావయ్య