చిట్టా పుస్తకం

బిట్రగుంట రైలు ఊరు. ఒకప్పుడు ఇక్కడ ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉండేది. ఇప్పుడు రైళ్లు కరెంటుతో నడుస్తున్నాయి. పట్టాల పైన రాగి తీగ ఉంటుంది.

ఆ ఊళ్లో ఒక పాత సామాన్ల కొట్టు. భార్యాభర్తలు నడుపుతారు. పొద్దుగూకే వేళ ఒక కుర్రాడు గోతం తెచ్చి దించాడు. నిండా రాగి తీగ. పైతొడుగు కాల్చేసి ఉంది.

"కిలోకి ఎంతిస్తావన్నా?"

భర్త తక్కెడ తీశాడు. భార్య పుస్తకం తీసింది.

"నీ పేరేంది నాయనా? ఏ ఊరు? ఈ తీగ యాడిది?"

"అవన్నీ ఎందుకక్కా? తక్కువకే ఇస్తా."

"రాసుకోకుండా కొనం. ఆధార్ కార్డు చూపించు."

కుర్రాడు గోతం భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

"వచ్చిన బేరం పోగొట్టావు. మనం కాకపోతే ఇంకొకడు కొంటాడు" అని భర్త విసుక్కున్నాడు.

"పోయినేడు మా అన్న చేలో ట్రాన్స్‌ఫార్మరు పగలగొట్టారు. నూనె నేలపాలు చేసి, లోపలి రాగి ఎత్తుకుపోయారు. మోటారు ఆడక నారు ఎండిపోయింది. ఆ రాగిని కొన్నది మనలాంటి కొట్టోడే కదయ్యా?"

భర్త మాట్లాడలేదు. ఆమె పుస్తకంలో తారీఖు, వేళ రాసింది. భర్త పోలీసులకు చెప్పడానికి ఫోను తీశాడు.

తెలుసుకుందాం

రాగి ఖరీదైనది. కరిగిస్తే ఎవరిదో ఆనవాలు దొరకదు. అందుకే దొంగల కన్ను దాని మీద. కొనేవాడు లేకపోతే దొంగకు గిట్టదు.

రైలు తీగలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. దగ్గరికి పోయినా ప్రాణం పోతుంది.

1966 నాటి చట్టం ప్రకారం, దొంగ సొత్తని అనుమానమున్న రైల్వే సామాను దగ్గర ఉన్నా నేరమే. అది న్యాయంగా వచ్చిందని ఉన్నవారే రుజువు చేసుకోవాలి. లేకుంటే 5 ఏళ్ల దాకా జైలు.

2003 విద్యుత్ చట్టం ప్రకారం కరెంటు తీగ కోసినా, దొంగతీగ దాచినా 3 ఏళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ఇంగ్లాండులో 2013లో ఒక చట్టం చేశారు. పాత లోహం కొనే కొట్టుకు లైసెన్సు ఉండాలి. అమ్మేవారి పేరు, చిరునామా సరిచూసి రాసుకోవాలి. రొక్కం ఇవ్వకూడదు.

అనుమానం వస్తే ఫోను చేయండి: పోలీసు 112, రైల్వే 139, కరెంటు 1912.

ఆలోచించండి

1. కుర్రాడు పేరు ఎందుకు చెప్పలేదు?
2. "మనం కాకపోతే ఇంకొకడు కొంటాడు" అన్న మాట సరైనదేనా?
3. మీ ఊరి కొట్టులో చిట్టా రాస్తున్నారా? గ్రామసభలో అడగండి.

రాయండి

తారీఖు, అమ్మినవారి పేరు, ఊరు, సరుకు, తూకం, ఇచ్చిన డబ్బు, సంతకం. ఈ ఏడు గళ్లతో మీ పలకపై ఒక చిట్టా గీయండి.