కాన్పు వార్డులో ఎన్నాళ్ళుండాలి?

"పొద్దున్నే కాన్పయింది. తల్లీ బిడ్డా బాగానే ఉన్నారు. ఇక ఇంటికి పోతాం, చీటీ రాసివ్వండి." ఏ సర్కారు ఆసుపత్రి కాన్పు వార్డులోనైనా దినమూ వినిపించే మాట ఇది.

ఈ మాట అనేవారిని తప్పుపట్టనవసరం లేదు. ఇంటి దగ్గర పెద్దపిల్లను చూసేవారుండరు. గేదెకు గడ్డి వేసేవారుండరు. నాట్ల కాలమైతే తోడు వచ్చిన అత్తగారికి కూలి పోతుంది. వార్డులో మంచాలు ఇరుకు, మరుగుదొడ్డి దూరం, రాత్రయితే దోమలు. ఇవన్నీ నిజమే. అయినను మామూలు కాన్పు అయిన తల్లి కనీసం 48 గంటలు ఆసుపత్రిలోనే ఉండవలెనని ప్రభుత్వ నిబంధన. అది ఎందుకు పెట్టారో తెలిసికొందాం.

ముందు, ఆసుపత్రికి ఎప్పుడు రావాలో చూద్దాం. నొప్పులు ఒక వరుసలో, ఆగి ఆగి మళ్ళీ వస్తున్నప్పుడు 108కి ఫోను చేసి బయలుదేరాలి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పి వచ్చి చూపు మసకబారినా నొప్పులు వచ్చేదాకా ఆగకూడదు. ఊరు దూరమై, వాగు దాటి రావలసినవారు నెలలు నిండగానే ముందుగా వచ్చి చేరడం మేలు. ఏజెన్సీలో కొన్నిచోట్ల ఇందుకోసమే గర్భిణుల వసతి గృహాలున్నాయి. మీ ఆశా కార్యకర్తను అడగండి.

వచ్చేటప్పుడు తల్లీబిడ్డల రక్షణ కార్డు మరువరాదు. మీ రక్తం గ్రూపు, బి.పి., పాత కాన్పుల సంగతి అన్నీ అందులోనే ఉంటాయి. ఉతికి ఎండలో ఆరవేసిన పాత నూలు గుడ్డలు నాలుగైదు, చెంబు, గ్లాసు, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం తెచ్చుకోవాలి. ఒక ఆడతోడు చాలు. పదిమంది వచ్చి మంచం చుట్టూ నిలబడితే పడుకున్న మనిషికి గాలి కూడా ఆడదు. అయితే అవసరమైతే రక్తం ఇవ్వగలవారు ఒకరు పిలుపు అందేంత దూరంలో ఉండాలి.

నొప్పులు పడుతున్నప్పుడు కదలక పడుకొనే ఉండవలెనన్న నియమమేమీ లేదు. డాక్టరు వద్దంటే తప్ప అటూ ఇటూ నడవవచ్చు. మంచినీళ్ళు, మజ్జిగ, పలుచని గంజి తాగవచ్చు. నర్సు అరగంటకొకసారి బిడ్డ గుండె చప్పుడు వింటుంది. సరిగ్గా ఈ సమయంలోనే వార్డులో ఒక గొడవ వస్తూ ఉంటుంది.

అత్తగారు: నర్సమ్మా, తెల్లవారినప్పటి నుంచి పిల్ల అల్లాడిపోతా ఉంది. ఒక నొప్పుల సూది పొడిస్తే అయిపోతుంది గదా! మా ఊళ్ళో అయితే ఎప్పుడో వేసేవాళ్ళు.

నర్సు: పెద్దమ్మా, ఆ సూది కండకు వేస్తే మళ్ళీ వెనక్కి తీయలేం. నొప్పులు ఎడతెగకుండా వస్తాయి. లోపల బిడ్డకు ఊపిరి అందదు. ఒక్కోసారి గర్భసంచే చిరిగిపోతుంది.

అత్తగారు: మరి కాన్పు కాగానే పక్క మంచం ఆమెకు అదే సూది వేశారే?

నర్సు: కాన్పయ్యాక వేశాం. అప్పుడు లోపల బిడ్డ లేదు. గర్భసంచి గట్టిగా ముడుచుకుంటేనే రక్తం ఆగుతుంది. అందుకని బిడ్డ పుట్టిన నిమిషంలోపే తొడకు వేస్తాం.

అత్తగారు అడిగినది మంచి ప్రశ్న. మందు ఒకటే, దాని పేరు ఆక్సిటోసిన్. కాన్పుకు ముందు అవసరమని డాక్టరు అనుకొంటే సెలైనులో చుక్క చుక్కగా ఎక్కిస్తూ, పక్కనే ఉండి కనిపెట్టి చూస్తారు. ఇంటి దగ్గర ఎవరో వచ్చి పొడిచే సూదికి ఆ కాపలా లేదు. గనుక అది ఎవరు వేస్తామన్నా వద్దనండి.

ఇక కాన్పు తరువాతి మాట. మాయ పడిపోగానే గండం గడిచిందని ఇంట్లోవాళ్ళు మిఠాయి పంచుతారు. కాని బాలింతకు రక్తస్రావపు భయం ఎక్కువగా ఉండేది అప్పుడే. అర లీటరుకు మించి రక్తం పోతే దానిని ప్రమాదంగా లెక్కిస్తారు. అదుపు తప్పితే రెండు గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. రెండు గంటల్లో మన ఊరి నుంచి బండి దొరికి, ఆసుపత్రి చేరి, రక్తం దొరకడం జరిగే పనేనా? పైగా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశపు గర్భిణులలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. ఒంట్లో రక్తం నిండుగా ఉన్న మనిషి తట్టుకొనేంత నష్టాన్ని వారు తట్టుకోలేరు.

అందుకే నర్సు మొదట్లో పావుగంటకొకసారి వచ్చి పొత్తికడుపు నొక్కి చూస్తుంది. నొప్పిగా ఉందని కొందరు ఆమె చేయి తోసేస్తారు. తోయవద్దు. గర్భసంచి చేతికి గట్టి బంతిలాగా తగలాలి. మెత్తగా తగిలితే లోపల రక్తం కారుతున్నదన్న అనుమానం. మూత్రం నిండుగా ఉన్నా గర్భసంచి సరిగ్గా ముడుచుకోదు. కుట్లు మండుతాయని, మరుగుదొడ్డి దూరమని బిగబట్టుకోకుండా తోడుమనిషి చేయి పట్టుకొని వెళ్ళిరావాలి. అరగంటలో రెండు మూడు గుడ్డలు తడిసిపోయినా, కళ్ళు తిరిగినా, నిద్రపోతున్న నర్సునైనా లేపండి. సంకోచం వద్దు.

బి.పి. ఎక్కువైన తల్లికి ఫిట్సు, అంటే పల్లెల్లో గుర్రపువాతమనేది, కాన్పయ్యాక కూడా రావచ్చు. ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తుంది. వార్డులో అయితే సూదిమందు సిద్ధంగా ఉంటుంది. ఇంట్లో అయితే దయ్యం పట్టిందని వేపమండలు వెదుకుతారు.

బిడ్డకు కూడా ఈ రెండు రోజులూ ముఖ్యమైనవే. పుట్టిన గంటలోపు రొమ్ము పట్టించాలి. ముర్రుపాలు పసుపుగా చిక్కగా ఉన్నాయని పిండి పారబోయరాదు. తేనె, చక్కెర నీళ్ళు, ఆముదం నాలుకకు రాయవద్దు. మొదటి రోజు స్నానం పోయవద్దు. తల్లి ఒంటికి ఆనించి కప్పి ఉంచితే చాలు, వెచ్చగా ఉంటుంది. బి.సి.జి., పోలియో చుక్కలు, కామెర్ల టీకా, రక్తం గడ్డకట్టడానికి విటమిన్ కె సూది, ఇవన్నీ వార్డులోనే అయిపోతాయి. ఇందులో కామెర్ల టీకా 24 గంటల్లోపు పడాలి. పుట్టిన రోజే ఒళ్ళు పచ్చబడితే వెంటనే చూపించాలి.

పథ్యం గురించి ఒక మాట. చెవిలో దూది పెట్టుకొంటే నష్టమేమీ లేదు, పెద్దలు పెట్టమంటే పెట్టుకోండి. కాని బాలింతకు నీళ్ళివ్వకపోవడం మాత్రం మంచిది కాదు. పాలు పడాలన్నా, మలబద్ధకం లేకుండా ఉండాలన్నా నీళ్ళు కావాలి. ఆసుపత్రిలో ఇచ్చే అన్నం, పప్పు, గుడ్డు, పాలు అన్నీ తినవచ్చు. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద సర్కారు ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషను, మందులు, పరీక్షలు, రక్తం ఉచితం. మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషనుకు 7 రోజులు భోజనం కూడా ఉచితం. ఇంటికి చేర్చే బండికీ డబ్బు లేదు. కాబట్టి ఖర్చవుతుందన్న భయంతో త్వరపడి వెళ్ళనవసరం లేదు. బిడ్డను చూపించడానికి ఎవరైనా చేయి చాపితే ఇవ్వకండి, పెద్ద డాక్టరుకు చెప్పండి.

తరువాతి బిడ్డ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. కాన్పుకూ మరల గర్భానికీ మధ్య కనీసం రెండేళ్ళు ఉండాలి. కాన్పయిన 48 గంటల్లోపు లూపు వేయించుకొంటే మళ్ళీ వేరే రోజు రానవసరం లేదు. కాపర్-టి 380 పదేళ్ళు పనిచేస్తుంది, వద్దనుకున్న రోజున తీయించుకోవచ్చు. పాలకు అడ్డు రాదు. ఇక పిల్లలు చాలుననుకొన్నవారికి 7 రోజుల్లోపు ట్యూబెక్టమీ చేస్తారు. భర్తకు చేసే వేసెక్టమీ దానికంటే చిన్న ఆపరేషను, కోత కూడా ఉండదు, ఎప్పుడైనా చేయించుకోవచ్చు. మగవారు దీన్ని ఎందుకు తప్పించుకొంటారో వారే చెప్పాలి. ఏ పద్ధతైనా ఆ తల్లికి వివరించి, ఆమె ఒప్పుకొన్న తరువాతే. నొప్పులు పడుతున్న మనిషిని అప్పుడు అడగడం న్యాయం కాదు. అయిదో నెల, ఆరో నెల పరీక్షకు వచ్చినప్పుడే భార్యాభర్తలు మాట్లాడుకొని ఏ.ఎన్.ఎం.కు చెప్పి ఉంచితే మంచిది.

వెళ్ళే రోజు తల్లికి బి.పి., జ్వరం, బిడ్డకు బరువు చూపించుకొని, డిశ్చార్జి కాగితం అడిగి తీసుకోండి. ఆ తరువాత 42వ రోజు వరకు ఆశా కార్యకర్త ఇంటికి వస్తూ ఉంటుంది. ఆమె వచ్చేదాకా ఆగకుండా బయలుదేరవలసిన సందర్భాలూ ఉన్నాయి. తల్లికి చలిజ్వరం వచ్చినా, మైల వాసన కొట్టినా, పిక్క వాచి నొప్పిపుట్టినా, బిడ్డ పాలు మానేసినా, ఒళ్ళు చల్లబడినా వెంటనే ఆసుపత్రికి రావాలి. జననం నమోదు 21 రోజుల్లోపు జరగాలి. ఆసుపత్రివారే వివరాలు పంపుతారు గనుక తల్లిదండ్రుల పేర్లు సరిగ్గా రాశారో లేదో అక్కడే చదివించుకోండి. బిడ్డ పేరు ఇంకా పెట్టకపోయినా పరవాలేదు, తరువాత చేర్పించవచ్చు.