వరి మాగాణుల్లో బెర్సీం, పిల్లిపెసర

ఉత్తర భారతంలో శీతాకాలపు పశుగ్రాసంగా పేరొందిన బెర్సీం క్లోవర్ కుటుంబంలోనిది. అక్టోబరులో విత్తితే సుమారు 50 రోజులకు తొలి కోత వస్తుంది. అరసవల్లి పరిసర మాగాణుల్లో వరి కోతలే నవంబరు, డిసెంబరులలో జరుగుతాయి. ఆ తరువాత విత్తిన బెర్సీంకు రెండు మూడు కోతలకే ఎండలు ముదురుతాయి. 10-15 రోజులకొక తడీ కావాలి. పైగా దీని వేళ్లపై బుడిపెలు కట్టించే రైజోబియం వేరు. బెర్సీం ఎన్నడూ వేయని నేలలో విత్తనానికి ఆ కల్చర్ పట్టించక తప్పదు. మినుము, పెసర పండే చేలలో పిల్లిపెసరకు ఆ బెడద తక్కువ. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు పదునున్న మడిలో చల్లితే మిగిలిన తేమతోనే ఎదుగుతుంది. కనుక నీటి వసతి గల పాడి రైతుకే బెర్సీంను సూచించడం సబబు. లేత బెర్సీంను ఒంటిగా మేపితే పశువుకు కడుపుబ్బరం వస్తుంది. ఎండుగడ్డితో కలిపి వేయాలి.