కరోనా కాలంలో పిల్లల పళ్ళు



2020 మార్చిలో కరోనా వల్ల బడులు, హాస్టళ్ళు మూసేశారు. మనమంతా ఇళ్ళకాడే ఉన్నాం. అందరూ జ్వరం, దగ్గు గురించే మాట్లాడారు. పిల్లల పళ్ళను పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఎందుకని సెలవుల్లో మా ఊరి అమ్మలను అడిగాను. వాళ్ళు నాలుగు మాటలు చెప్పారు.

1. "పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి."
ఇది సగమే నిజం. పాలపళ్ళు 20. ముందుపళ్ళు 6, 7 ఏళ్ళకు ఊడతాయి. దవడ పాలపళ్ళు 10 నుంచి 12 ఏళ్ళ దాకా ఉండాలి. తర్వాత వచ్చే పంటికి చోటు కాపాడేవి అవే. ఇంకో సంగతి. 6 ఏళ్ళప్పుడు వాటి వెనకాల 4 కొత్త దవడపళ్ళు వస్తాయి. ఏ పన్నూ ఊడకుండానే వస్తాయి కాబట్టి అవీ పాలపళ్ళే అనుకుంటారు. కానీ అవి పోతే మళ్ళీ రావు.

2. "ఆసుపత్రికి పోతే కరోనా అంటుకుంటాది."
ఈ భయం ఉత్తది కాదు. పన్ను తొలిచే మిషను వల్ల నోటి తుంపర్లు గాలిలోకి లేస్తాయి. అందుకే కరోనా పాకుతున్న చోట్ల అత్యవసరం కాని పంటి వైద్యం వాయిదా వేయమని 2020 ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అత్యవసర వైద్యం మాత్రం ఆపమనలేదు.

3. "నొప్పి పోయింది, నయమైపోయింది."
లవంగం పెడితే నొప్పి కాసేపే తగ్గుతుంది. పుచ్చిన పన్ను దానంతటదే నొప్పి మానేస్తే లోపల నరం చచ్చిపోయి ఉండొచ్చు. తర్వాత చీము పట్టి దవడ వాస్తుంది, జ్వరం వస్తుంది.

4. "బస్సు లేదు, కూలి పోతాది."
దీనికి నా దగ్గర జవాబు లేదు. అమ్మానాన్నలకు మన మీద ప్రేమ లేక కాదు. దారి లేదు, చెప్పేవాళ్ళు లేరు.

అందుకే చదువుకునే మనం చెప్పాలి. తీపి తింటే నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లం తయారుచేస్తాయి. అది పంటి మీది పింగాణి పొరను కరిగిస్తుంది. పొద్దున, రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడు ఉన్న పేస్టుతో తోమాలి. బొగ్గు, ఇటుకపొడి వద్దు, పళ్ళు అరిగిపోతాయి. ఇంటికి వెళ్ళినప్పుడు తమ్ముళ్ళ, చెల్లెళ్ళ చివరి పళ్ళు వెలుతురులో చూడండి. నల్ల మచ్చ ఉంటే అమ్మకు చూపించండి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పళ్ళ జబ్బులు కూడా ఉన్నాయి. కాబట్టి హాస్టలుకు డాక్టరుగారు వస్తే సిగ్గుపడకుండా నోరు తెరిచి చూపిద్దాం.

— 9వ తరగతి విద్యార్థిని